రెండడుగుల వివాదం: కొల్లేరు సరిహద్దు చరిత్రలో నిరాకరణ రూపాలు

వ్యాస సంగ్రహం:
వాతావరణ మార్పును నిరాకరించే ధోరణిని చిత్రించిన డాక్యుమెంటరీలలో రాబర్ట్ కెన్నర్ దర్శకత్వం వహించిన 'మర్చంట్స్ ఆఫ్ డౌట్' ముఖ్యమైనది. పరిశ్రమల ప్రయోజనాల కోసం కొందరు నిపుణులు ప్రజల మనసులలో సందేహాన్ని ఎలా నాటారో ఆ చిత్రం చూపుతుంది. ఆ చిత్రం ఇచ్చే విశ్లేషణ కొల్లేరు ప్రాంత చరిత్రకు ఎంతవరకు వర్తిస్తుంది, ఎక్కడ వర్తించదు అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కొల్లేరులో నిరాకరణ విజ్ఞానశాస్త్రాన్ని కాదనే రూపంలో రాలేదనీ, సరస్సు సరిహద్దును మళ్ళీ మళ్ళీ కొలవాలనే కోరిక రూపంలో వచ్చిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కొల్లేరు, కాంటూరు, వాతావరణ మార్పు, నిరాకరణ, ఉప్పుటేరు, ఆక్వాసాగు, డాక్యుమెంటరీ.

1. ఉపోద్ఘాతం

ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాను అక్కడి ప్రజలు మెట్ట, డెల్టా అని రెండుగా చెప్పుకుంటారు. నల్లజర్ల, చింతలపూడి, జంగారెడ్డిగూడెం ప్రాంతాలు మెట్ట. ఏలూరు కాలువకు దిగువన, తాడేపల్లిగూడెం మొదలుకొని సముద్రం వరకు పరచుకున్నది డెల్టా. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత నల్లజర్ల తూర్పు గోదావరి జిల్లాలో, కొల్లేరులో అధిక భాగం ఏలూరు జిల్లాలో చేరాయి. పాలనా విభజన మారినా నీటి దారి మారలేదు. మెట్టమీద కురిసిన వాన పల్లానికి దిగవలసిందే. నల్లజర్ల మండలంలోని అనంతపల్లి మీదుగా పారే ఎర్రకాలువ కొల్లేరులో కలవదు. నందమూరు వద్ద ఏలూరు కాలువ కిందుగా సాగి యనమదుర్రు డ్రెయిను దారి పడుతుంది. దానికి పడమరగా ప్రవహించే తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, బుడమేరు మాత్రం కొల్లేరును చేరుతాయి. దారులు వేరైనా ఈ వాగులన్నిటికీ ఒకటే ఇబ్బంది. మెట్టనుండి వేగంగా దిగిన నీరు, వాలు దాదాపు లేని డెల్టాలో సముద్రానికి పోయే దారి కోసం ఆగవలసి వస్తుంది. ఆ ఆగే చోటు పేరు కొల్లేరు.

ఈ భౌగోళిక వాస్తవాన్ని ఆ ప్రాంతంలో ఎవరూ కాదనరు. అయినప్పటికీ గత యాభై ఏళ్ళలో సరస్సు గర్భం గట్లతో నిండిపోయింది. అందరికీ తెలిసిన వాస్తవం ఆచరణలో లేనట్టుగా ఎలా మారింది? వాతావరణ మార్పు నిరాకరణపై వచ్చిన అధ్యయనాలను మన ప్రాంతీయ చరిత్రతో కలిపి చదవడానికి ఈ ప్రశ్నే ఆధారం.

2. చిత్రం చూపిన నమూనా

'మర్చంట్స్ ఆఫ్ డౌట్' 2014లో తొలిసారి ప్రదర్శితమైంది. విజ్ఞానశాస్త్ర చరిత్రకారులు నవోమి ఒరెస్కెస్, ఎరిక్ కాన్వే 2010లో ఇదే పేరుతో ప్రచురించిన గ్రంథం దీనికి మూలం. పొగాకు పరిశ్రమ ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలం నుండి అనుసరించిన వ్యూహంతో చిత్రం కథనాన్ని ఆరంభిస్తుంది. ధూమపానం హానికరమని పరిశోధనలు తేల్చిన తరువాత ఆ పరిశ్రమకు వాటిని ఖండించవలసిన అవసరం లేకపోయింది. విషయం ఇంకా తేలలేదని జనం అనుకుంటే చాలు. అదే వ్యూహం, కొన్ని సందర్భాలలో అవే వ్యక్తులు, ఆమ్లవర్షాలు, ఓజోన్ పొర, భూతాపం వంటి విషయాలలోనూ కనిపించారని గ్రంథకర్తలు నిరూపించారు. చిత్రం ఈ వాదాన్ని ఒక గారడీవాని ప్రదర్శనతో జోడిస్తుంది. చూపరి దృష్టిని పక్కకు మళ్ళించడమే గారడీలో కీలకం కదా.

చరిత్ర విద్యార్థికి ఈ చిత్రంలో రెండు అంశాలు ప్రధానం. మొదటిది, శాస్త్రంలోని సందేహానికీ నిరాకరణలోని సందేహానికీ మధ్య భేదం. శాస్త్రజ్ఞుడికి సందేహం తదుపరి పరిశీలనకు ప్రేరణ. నిరాకరించేవాడికి అది నిర్ణయాన్ని వాయిదా వేసే సాధనం. రెండవది, నిరాకరణకు ఉండే సామాజిక పునాది. భూతాపం వాస్తవమని ఒప్పుకున్నాక 2010లో సొంత పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే ఓడిపోయిన దక్షిణ కెరొలైనా ప్రతినిధి బాబ్ ఇంగ్లిస్ అనుభవం ఇందుకు ఉదాహరణ. ఓటర్లు కాదన్నది కేవలం ఉష్ణోగ్రతల పట్టికను కాదు. ఆ పట్టికను అంగీకరిస్తే తమ జీవన విధానం మారవలసి వస్తుందన్న ఆలోచనను వారు కాదన్నారు. చిత్రం మొదటి అంశాన్ని విస్తారంగా చర్చించి, రెండవదాన్ని స్పృశించి వదిలింది. కొల్లేరు చరిత్ర ఆ రెండవ అంశాన్నే ముందుకు తెస్తుంది.

3. నీటిని ఎవరూ శంకించని కాలం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తయిన తరువాత కృష్ణా, గోదావరి డెల్టాల మురుగునీటికి కొల్లేరు సహజమైన తొట్టిగా నిలిచింది. పైనుండి వచ్చే వరదను పట్టి ఉంచి, సుమారు 60 కిలోమీటర్ల పొడవున్న ఉప్పుటేరు ద్వారా మెల్లగా బంగాళాఖాతానికి వదలడం దాని పని. వానాకాలంలో నీరు పరచుకొని, వేసవిలో కుంచించుకుపోయే సరస్సు ఇది. నీరు తీసిన నేలలో వరి వేయడం, నీరున్న కాలంలో తాటిదోనెలపై తిరిగి మావులతో, వలలతో చేపలు పట్టడం లంకగ్రామాల జీవికగా ఉండేది. సరస్సుకు ఒకే గీత గీయడం ఆనాటి జీవితంలో అవసరం కాలేదు. గీత ఋతువుతో పాటు జరిగేది.

1960లలో వచ్చిన వరదల అనంతరం డెల్టా మురుగునీటి సమస్యను పరిశీలించడానికి ఎ.సి. మిత్రా నాయకత్వంలో నిపుణుల సంఘం ఏర్పడింది. 1968లో కృష్ణా, గోదావరి డెల్టా ప్రాంతానికి డ్రైనేజీ సెస్ చట్టం వచ్చింది. నాటి చర్చంతా నీటిని ఎంత త్వరగా సముద్రానికి పంపాలి అన్నదానిచుట్టూ తిరిగింది. సరస్సు ఉన్నదా, ఎంత మేరకు ఉన్నది అన్న ప్రశ్న అప్పటికి తలెత్తలేదు. రైతు తన పొలం మునగకుండా ఉండటానికి పన్ను కట్టడానికి సిద్ధపడవలసిన కాలమది.

ఈ కాలానికి మరొక సాక్ష్యం పక్షిశాస్త్రంలో ఉంది. 'ఇందుచూడన్' అనే కలంపేరుతో ప్రసిద్ధుడైన మలయాళ పక్షిశాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ 1946లో కొల్లేటి సమీపాన ఆరేడు గ్రామంలో గూడబాతుల పెద్ద స్థావరాన్ని గుర్తించి, 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దాని వివరాలు ప్రకటించారు. అవి ఊరి చెట్లపై గూళ్ళు కట్టుకొని కొల్లేటి చేపలపై ఆధారపడి బతికేవి. 1975 ప్రాంతానికి ఆ స్థావరం ఖాళీ అయింది. కొల్లేరులో చేపలు పట్టే పద్ధతి మారడమే ఇందుకు ప్రధాన కారణమని పరిశోధకులు భావించారు. సరస్సు మారుతున్నదని ప్రభుత్వ దస్త్రాల కంటే ముందే పక్షులు తెలియజేశాయి.

4. గట్టు కట్టిన నీరు

1970ల మధ్యలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, కొల్లేటి లంకల్లోని మత్స్యకారులకూ దళితులకూ సహకార సంఘాలు ఏర్పరచి సరస్సు గర్భంలో చేపల చెరువులు తవ్వించే పథకం అమలయింది. ఉద్దేశం పేదల జీవనోపాధి. నీరు తగ్గిన ఏడు పస్తులుండే కుటుంబాలకు అది నిజమైన ఆసరా. అయితే చెరువు నడపడానికి పెట్టుబడి కావాలి. పెట్టుబడి బయటినుండి వచ్చింది. దశాబ్దం తిరగకముందే సంఘాల చెరువులు కౌలుపేరిట ధనవంతుల చేతుల్లోకి జారడం మొదలయింది. గట్లు లేచాయి, గట్టు పక్కన గట్టు చేరింది. కాగితంపై పేదవాని పేరు, చెరువులో ధనవంతుని చేప అన్న స్థితి ఏర్పడింది.

కొల్లేటి గ్రామీణ జీవితం ఈ క్రమంలో ఎలా ఛిద్రమయిందో అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' నవల చిత్రించింది. చరిత్రకారులు ఆధారంగా స్వీకరించడానికి సందేహించే జ్ఞాపకాన్ని ఆ నవల భద్రపరచింది. అధికారిక పత్రాలలో చెరువుల సంఖ్య దొరుకుతుంది. చెరువుకు ముందు అక్కడ ఏముండేదో దొరకదు.

1999 అక్టోబరులో ప్రభుత్వం 120వ నంబరు ఉత్తర్వు ద్వారా సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు వరకు, అంటే +5 కాంటూరు వరకు, 308.55 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002 ఆగస్టులో కొల్లేరు రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యంగల చిత్తడినేలగా నమోదయింది. అక్కడ నమోదైన విస్తీర్ణం 90,100 హెక్టార్లు, అనగా 901 చదరపు కిలోమీటర్లు. ఇది +10 కాంటూరు లెక్క. ఒకే సరస్సుకు రెండు అధికారిక విస్తీర్ణాలు ఏర్పడ్డాయి. రెండూ సరైనవే. కొలిచిన ఎత్తులు వేరు. తరువాతి వివాదాలకు ఈ తేడాయే ఆశ్రయం అయింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, ఆయన సహ పరిశోధకులు 2004లో 'కరెంట్ సైన్స్' పత్రికలో ప్రకటించిన పరిశోధన ఈ దశలో అత్యంత కీలకం. 2001 నాటి ఉపగ్రహ చిత్రాన్ని విశ్లేషించి, వారు లెక్కకు తీసుకున్న 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో సుమారు 42 శాతం, అంటే 103 చదరపు కిలోమీటర్లు, చేపల చెరువుల కింద ఉన్నదని తేల్చారు. చెరువుల సంఖ్య 1,050. మరో 8.5 శాతం సాగుభూమి. మిగిలినది కలుపుమొక్కలతో నిండి ఉంది. తేటనీరు కనిపించిన జాగా లేదు. గ్రామస్థుడు కళ్ళతో చూస్తున్నదాన్ని ఈ వ్యాసం అంకెల్లో నమోదు చేసింది.

5. +5 నుండి +3కు

సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సిఫార్సుల మేరకు 2006లో +5 కాంటూరులోని చెరువుగట్లను తెంచే కార్యక్రమం పెద్దఎత్తున జరిగింది. 'ఆపరేషన్ కొల్లేరు'గా అది ప్రసిద్ధం. గట్లు తెగిన తరువాత పునరావాసం ఆశించినంత జరగలేదన్న ఆవేదన లంకగ్రామాలలో బలంగా నిలిచింది. 2008 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ అభయారణ్య సరిహద్దును +5 నుండి +3 కాంటూరుకు తగ్గించాలని తీర్మానించింది. గట్లు తెంచినదీ, తీర్మానం తెచ్చినదీ వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వమే. రెండున్నర సంవత్సరాలలో ఒకే ప్రభుత్వం రెండు దిక్కులకు ఎందుకు కదిలిందన్నది గమనించదగినది. న్యాయస్థానం ఒకవైపు, ఓటరు మరొకవైపు లాగిన ఫలితమది.

తీర్మానం నేపథ్యంలో కేంద్ర ప్రభుత్వం పక్షిశాస్త్ర సంస్థ 'సాకాన్' సంచాలకులు పి.ఎ. అజీజ్ అధ్యక్షతన నిపుణుల కమిటీని నియమించింది. 2011లో ఆ కమిటీ సరిహద్దును తగ్గించడం తగదని అభిప్రాయపడింది. వివాదం అక్కడితో ముగియలేదు. +3 కోర్కె తరువాతి ప్రభుత్వాల కాలంలోనూ కొనసాగింది. 2025లోనూ కొల్లేరు ఆక్రమణల విషయం సుప్రీంకోర్టు ఎదుట ఉంది.

ఈ కాలంలో +3 పక్షాన వినిపించిన వాదాలను నాలుగుగా వర్గీకరించవచ్చు. ఒకటి, సరస్సు పూడిక వల్ల సహజంగానే కుంచించుకుపోయిందనేది. రెండు, +5 లోపలి భూమి ఏనాడూ సరస్సు కాదనీ, పట్టాలున్న పొలమనీ చెప్పేది. మూడు, మనుషులకంటే కొంగలు ముఖ్యమా అనేది. నాలుగు, మరొక సర్వే, మరొక కమిటీ తరువాతే నిర్ణయం అనేది. వీటిలో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. పూడిక నిజమే. +5 పరిధిలో దాదాపు 15,000 ఎకరాల జిరాయితీ భూమి ఉన్న మాటా నిజమే. ఆ రైతుల ఫిర్యాదు న్యాయమైనది. అయితే ఈ నాలుగు వాదాలూ కలిసినప్పుడు కనుమరుగయ్యే విషయం ఒకటుంది. 1999 ఉత్తర్వు సంప్రదాయ వ్యవసాయాన్ని, సంప్రదాయ చేపలవేటను నిషేధించలేదు. అది ప్రధానంగా అడ్డుకున్నది గట్టు కట్టిన ఆక్వాసాగును. మనిషికీ కొంగకూ మధ్య పోటీగా చిత్రించిన వివాదం నిజానికి తాటిదోనెకూ గట్టుకూ మధ్య వివాదం.

6. రెండడుగుల అర్థం

2008వ సంవత్సరానికి మరొక ప్రాధాన్యం ఉంది. శాసనసభ తీర్మానం చేసిన అదే ఏడాది నాగేశ్వరరావు, ఆయన సహచరులు ఆంధ్రతీరంపై సముద్రమట్టం పెరుగుదల ప్రభావాన్ని అంచనా వేస్తూ తీరప్రాంత పరిరక్షణకు సంబంధించిన ఒక అంతర్జాతీయ పత్రికలో పరిశోధన ప్రకటించారు. వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం 2007 నివేదికలో ఈ శతాబ్ది చివరికి ఇచ్చిన అంచనాలలో గరిష్ఠమైన 0.59 మీటర్లను వారు ఆధారంగా తీసుకున్నారు. సముద్రం ఆ మేరకు పెరిగితే ఆంధ్రతీరంలో సుమారు 565 చదరపు కిలోమీటర్లు శాశ్వతంగా మునుగుతాయనీ, అంతకు రెట్టింపు మించిన మరింత భూమి ఆటుపోట్ల పరిధిలోకి వస్తుందనీ, 2001 జనగణన ప్రకారం దాదాపు 12.9 లక్షల మంది నిర్వాసితులు కాగలరనీ వారి అంచనా.

0.59 మీటర్లంటే రెండడుగులకు కొంచెం తక్కువ. శాసనసభ కొల్లేటి సరిహద్దును దించమన్నదీ రెండడుగులే. ఈ రెండు అంకెలు ఒకే ఏడాదిలో రెండు వేర్వేరు పత్రాలలో నమోదయ్యాయి. ఒకదానినొకటి ఎరగవు.

కాంటూరు అంటే సముద్రమట్టం నుండి కొలిచిన ఎత్తు. సముద్రమట్టం స్థిరమని భావించి వేసిన గీత అది. సముద్రం రెండడుగులు పెరిగిన నాడు కాగితం మీది +5, ఆచరణలో +3తో సమానమవుతుంది. కాగితం మీది +3 అప్పటికి +1 అవుతుంది. ఉప్పుటేరులో నీరు ప్రవహించేది సరస్సుకూ సముద్రానికీ ఉన్న కొద్ది అడుగుల తేడా వల్లనే. సముద్రం పెరిగే కొద్దీ ఆ తేడా తగ్గుతుంది. వరద ఎక్కువకాలం నిలుస్తుంది. ఆటుపోట్ల ఉప్పునీరు మరింత లోపలికి వస్తుంది. నిలిచిన నీటికి చోటు కావాలి. ఆ చోటు +3కూ +5కూ మధ్య ఉన్న నేల. దాన్ని గట్లతో మూస్తే నీరు చోటును వేరేచోట వెతుక్కుంటుంది.

జేమ్స్ సివిట్‌స్కీ బృందం 2009లో 'నేచర్ జియోసైన్స్'లో ప్రకటించిన అధ్యయనం ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించింది. కృష్ణా, గోదావరి రెండూ వాటిలో ఉన్నాయి. ఎగువ జలాశయాలలో ఒండ్రు ఆగిపోవడం వంటి మానవ చర్యల వల్ల అనేక డెల్టాలు కుంగుతున్నాయని ఆ అధ్యయనం తేల్చింది. సముద్రం లేవడం ఒకవైపు, నేల కుంగడం మరొకవైపు. ఈ రెంటి నడుమ రెండడుగులు చిన్న కొలత కాదు.

2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ నగరంలోని విశాల ప్రాంతాలు మునిగాయి. ఆ నీరే దిగువకు వచ్చి కొల్లేటి గ్రామాలను చుట్టుముట్టింది. ఒక్క వరదను వాతావరణ మార్పు ఖాతాలో వేయడం శాస్త్రసమ్మతం కాదు. కాని అతివృష్టి తీవ్రత పెరుగుతుందన్న అంచనా నిజమైతే అలాంటి నీరు మళ్ళీ వస్తుంది. దాన్ని పట్టి ఉంచే తొట్టి ఎంత మిగిలి ఉందన్నదే ప్రశ్న.

7. చిత్రం వర్తించని చోటు

ఇక్కడ 'మర్చంట్స్ ఆఫ్ డౌట్' నమూనా పరిమితి తెలుస్తుంది. ఆ చిత్రంలో సందేహాన్ని అమ్మినవారు కొద్దిమంది. వారి పోషకులు తెరవెనుక ఉన్నారు. కాబట్టి తెర తీయడమే పరిష్కారమన్నట్టు కథనం సాగుతుంది. కొల్లేరులో తీయడానికి తెర లేదు. తీర్మానం శాసనసభ కార్యకలాపాలలో ఉంది. చెరువులు ఉపగ్రహానికి కనిపిస్తాయి. ఉపగ్రహ చిత్రాన్ని తప్పని నిరూపించడానికి ఎవరూ నిపుణులను కొనుక్కోలేదు. అవసరం రాలేదు. చిత్రాన్ని అంగీకరిస్తూనే దాన్ని లెక్కలోకి తీసుకోని నిర్ణయాలు జరిగిపోయాయి.

రెండవ తేడా మరింత కీలకమైనది. అమెరికా కథలో నిరాకరణ లబ్ధి ధనవంతులది, స్వరమూ వారిదే. కొల్లేరులో లబ్ధి ఎక్కువగా కౌలుదారు పెట్టుబడిదారులది, స్వరం పేదలది. 2006లో గట్టు తెగినప్పుడు పెట్టుబడిదారు మరోచోట చెరువు తవ్వుకోగలిగాడు. సంఘ సభ్యుడు పనికోసం వలస పోవలసి వచ్చింది. కనుక +3 కోరిన లంకగ్రామస్థుణ్ణి 'నిరాకరణవాది' అని పిలవడం చారిత్రకంగా తప్పు, నైతికంగా అన్యాయం. నీటి తీరు అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ తెలిసినదాన్ని అమలు చేస్తే తనకు ఏమి మిగులుతుందన్న ప్రశ్నకు రాజ్యం సమాధానం ఇవ్వలేదు. సమాధానం లేనిచోట గీతను జరపమనడం ఒక్కటే అతనికి మిగిలిన దారి.

8. ముగింపు

పై పరిశీలనను బట్టి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, నిరాకరణ ఎల్లప్పుడూ 'ఇది నిజం కాదు' అనే వాక్యంతో రాదు. 'మళ్ళీ కొలుద్దాం' అనే మర్యాదైన వాక్యంతోనూ వస్తుంది. తెలుగునాట రెండవ రూపమే అధికం. రెండవది, కొల్లేరు వివాదం ఇంతవరకు పక్షుల రక్షణకూ మనుషుల ఉపాధికీ మధ్య తగవుగానే అధ్యయనమైంది. సముద్రమట్టం అంశాన్ని చేర్చినప్పుడు అది వరద రక్షణ సమస్యగా, ఏలూరు, కైకలూరు, ఆకివీడు ప్రజలందరి సమస్యగా మారుతుంది. మెట్టనుండి దిగే ఎర్రకాలువ వరద తాడేపల్లిగూడెం పొలాలలో నిలిచిపోవడం కూడా ఇదే సమస్యకు మరో ముఖం. మూడవది, జిరాయితీ రైతుకు పరిహారం, సంఘ సభ్యునికి ప్రత్యామ్నాయ ఉపాధి ఇవ్వకుండా +5ను కాపాడటం సాధ్యం కాదు. కాపాడిన రోజున కూడా అది పోలీసు బందోబస్తుతో నిలిచే గీతగానే ఉంటుంది.

పరిశోధకులకు ఇక్కడ చేయవలసిన పని చాలా ఉంది. డ్రైనేజీ శాఖ దస్త్రాలు, శాసనసభ చర్చలు, సహకార సంఘాల కౌలు పత్రాలు, లంకగ్రామ వృద్ధుల జ్ఞాపకాలు ఇంకా ఒకచోట చేరలేదు. వాటిని కలిపి చదివితే సరస్సు ఎలా కుంచించుకుపోయిందో మాత్రమే కాక, దాని చుట్టూ ఉన్న సమాజం తనకు తెలిసిన విషయాన్ని ఎలా పక్కన పెట్టగలిగిందో అర్థమవుతుంది. గీతను +5 వద్ద ఉంచాలా, +3కు దించాలా అన్నది శాసనసభలు, న్యాయస్థానాలు తేల్చగలవు. ఆ గీతను ఏ సముద్రం నుండి కొలుస్తున్నామో ఆ సముద్రం మాత్రం తీర్మానాలకు లోబడదు.